కొండ మీంచి నూరు

ముల్లాయన మనుషుల మాట నమ్మేవాడు కాదు, మీటరు మాట నమ్మేవాడు. పెళ్లైన కొత్తలో భార్య ఒళ్లు కాలిపోతోందంటే నుదుటి మీద చెయ్యి పెట్టి చూడకుండా థర్మామీటరు కోసం మూడు వీధులు తిరిగాడట. తీరా తెచ్చేసరికి జ్వరం తగ్గిపోయింది. కనక అసలు రానే లేదని తేల్చాడట. ఇది ఆయన బావమరిది చెప్పిన కథ. బావమరిది చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలని ముల్లాయనే నన్ను హెచ్చరించాడు. ఏ సగం తీసెయ్యాలో ఆయనకే తెలియదన్న సంగతి చాలా ఆలస్యంగా బయటపడింది.

మా ఊరి రేడియో స్టేషన్లో ముప్పై నాలుగేళ్లుగా ఆయన సాంకేతిక నిపుణుడు. ఆ హోదా జీతం కాగితం మీద మాత్రమే ఉంటుంది. ఊళ్లో అందరికీ ముల్లాయనే. స్టేషను కింది అంతస్తులో కిటికీల్లేని గది ఒకటి ఉంది. అందులో వాల్వులతో నడిచే పాత కన్సోలు. ఇనప బీరువాని వెల్లకిలా పడుకోబెట్టి మీద నాబులు బిగించినట్టుంటుంది. గంట నడిస్తే వేడెక్కి, కాలిన దుమ్ము వాసన వేస్తుంది. దాని నడుమ అరచేయంత మీటరు, మీటర్లో సన్నటి నల్ల ముల్లు. మాట్లాడేవాడి గొంతుని బట్టి ఆ ముల్లు ఆడుతుంది. నూరు అన్న అంకె దగ్గర ఆడితే మాట సరిగ్గా పోతున్నట్టు. నూరు దాటి ఎర్రగీతలోకి దూకితే వినేవాళ్లకి మాట పగిలి గరగరలాడుతుంది. నూటికి మరీ కిందనుంటే గుసగుసలే. ముల్లుని నూరు దగ్గర నిలబెట్టడం ఆయన ఉద్యోగం. నిజానికి అదే ఆయన మతం.

ముళ్లని చూసి బతికేవాళ్లని నేను చాలామందిని చూశాను. ఓడల్లో, రైలింజన్లలో, పత్తి మిల్లుల్లో. బాయిలరు దగ్గర ఉండేవాడు ముల్లుని చూసి భయపడతాడు. కాటా దగ్గర ఉండేవాడు ముల్లుని చూసి దబాయిస్తాడు. ముల్లుని చూసి మురిసిపోయేవాణ్ణి మాత్రం ఈయన్నొక్కణ్ణే చూశాను. నేను తిరిగొచ్చిన దేశాల గురించి పదిహేను నిమిషాల ప్రసంగాలు చదవడానికి ఆ స్టేషనుకి వెళుతుండేవాణ్ణి. చదువుతుండగా ఆయన అద్దం అవతల్నించి చూపుడువేలు కిందకి దించేవాడు, తగ్గించమని. అయ్యాక బయటికొచ్చి, "నువ్వు నిజం చెప్పినంతసేపూ తొంభై దగ్గరుంటావు. కోతలు కోయడం మొదలెట్టగానే నూట పదికి పోతావు," అనేవాడు. ఎడారిలో ఒంటె నన్ను కాపాడిన ఘట్టం నూట ఇరవై దాకా పోయిందట. అది నిజంగా జరిగింది. ఆయన నమ్మలేదు. ముల్లు నమ్మలేదు కాబట్టి.

స్టేషను ఊళ్లో ఉంది గాని, మాటని గాల్లోకి వదిలే ట్రాన్స్‌మిటరు ఏడు కిలోమీటర్ల దూరంలో కొండ మీద ఉంది. ఇక్కణ్ణించి అక్కడికి తీగ. ఆ తీగ చివర ఇంకో మీటరు, ఆ మీటరు దగ్గర కాపలాగా ముల్లాయన భార్య తమ్ముడు. పక్కనే ఉన్న క్వార్టర్సులో అతనూ, అతని టమాటా మొక్కలూ, అతని మోకాళ్ల నొప్పులూ కాపరముంటాయి.

రోజూ పొద్దున ప్రసారం మొదలవడానికి పది నిమిషాల ముందు ముల్లాయన కన్సోలు నుంచి ఒక కూత పంపుతాడు. ఎత్తూ పల్లమూ లేని, కూనిరాగం కూడా కాని, ఒకే తీరున సాగే కూత. ఇక్కడి ముల్లుని దానితో నూరు దగ్గర నిలబెడతాడు. తర్వాత కొండకి ఫోను చేస్తాడు.

"ఎంత?"

"నూరు బావా."

ఫోను పెట్టేసి పుస్తకంలో నూరు అని రాస్తాడు. ఇరవై రెండేళ్లుగా బావా బావమరుదుల మధ్య అంత సామరస్యంగా సాగిన సంభాషణ అదొక్కటే. మిగతా విషయాలన్నిటికీ పోట్లాడుకునేవాళ్లు.

ఇక ముల్లాయన భార్య. నన్ను అన్నయ్యగారూ అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను. తపాలా కార్యాలయం పైగదిలో బుధవారం మధ్యాహ్నాలు పాడుకునే ఆడవాళ్ల బృందం ఒకటుంది. అందులో పంతొమ్మిదేళ్లు రెండో వరస మధ్యలో నిలబడి పాడింది. ముందు వరస వాళ్లు రాగం తప్పితే వెనక నుంచి పట్టి లాగేది ఆవిడేనని బృందం పెద్దావిడ చెప్పేది. ఆ పెద్దావిడ ఒకప్పటి హెడ్‌మిస్ట్రెస్సు, ఇప్పటికీ మనుషుల్ని బెంచీలెక్కించగలిగిన మనిషి. అటువంటి బృందాన్ని చెల్లెమ్మ రెండేళ్ల కిందట వదిలేసింది. చెవుడొచ్చిందని. ఆ సంగతి ఆవిడకి చెప్పింది మొగుడు.

రుజువు ఆవిడ వంటింట్లోనే ఉంది. పొయ్యి పక్క గూట్లో ఒక రేడియో ఉండేది. ముల్లాయన ఇంట్లో ఉన్నంతసేపూ ఊరికే దాని శబ్దం నాబు కదిపి చూస్తుంటాడు, వైద్యుడు నాడి పట్టుకున్నట్టు. తిరిగి సరిచేసుకోలేక, తనకి సరిపోయే చోట ఆవిడ గోళ్లరంగుతో ఒక చుక్క పెట్టుకుంది. మరుసటేడు ఆ చుక్క దగ్గర పాట సరిగ్గా వినిపించలేదు. కాస్త పైన ఇంకో చుక్క పెట్టింది. అలా ఆరేళ్లలో ఆరు చుక్కలు, ఎర్రచీమల బారులాగ, నాబు చివరంటా.

దాన్ని ముల్లాయన నాకు ఎంత గర్వంగా చూపించాడో చెప్పలేను. "చూశావా, ఏడాదికో చుక్క. చెవుడు ఎంత క్రమశిక్షణగా వస్తోందో. నేనే గీసినా గ్రాఫు ఇంత చక్కగా రాదు."

"రేడియోదే తప్పేమో," అన్నాను.

"విప్పి చూశాను. బంగారంలా ఉంది."

"స్టేషనుదేమో."

ఆ మాటకి ఆయన నా వంక జాలిగా చూశాడు. ఇక్కడ నూరు, కొండ మీద నూరు. రేడియో బాగుంది. మధ్యలో గాలి, గాలికి జబ్బు చెయ్యదు. మిగిలింది చెవులు. లెక్క తేలిపోయింది. ఊళ్లోంచి స్టేషనుకి ఉత్తరాలు కూడా వచ్చేవి, మీ గొంతు నీరసంగా వస్తోందని. అందరికీ ఒకటే జవాబు అచ్చువేయించి పంపేవాడు: దయచేసి మీ బ్యాటరీలు మార్చగలరు.

చెల్లెమ్మని చెవి డాక్టరుకి చూపించాడు. వయసుకి తగ్గట్టే ఉన్నాయమ్మా అని డాక్టరన్నాడు. ముల్లాయన ఆ వాక్యంలో వయసు అన్న ముక్కని పట్టుకుని మిగతాది వదిలేశాడు. చెవికి పెట్టుకునే యంత్రం కొన్నాడు. ఆవిడ రెండు రోజులు పెట్టుకుని తీసి డబ్బాలో దాచేసింది. ఏమైందంటే, "రేడియో తప్ప అన్నీ గట్టిగా వినిపిస్తున్నాయండీ. ముఖ్యంగా మీరు నమలడం," అంది. అదీ జబ్బు లక్షణమేనని ఆయన తేల్చాడు. సరిగా వినిపించని మనిషి పదిమందిలో పాడితే వాళ్లకి ఇబ్బంది కదా అని, ఆయనే పెద్దావిడకి ఉత్తరం రాశాడు. అందులో చెవుడు ఏడాదికి ఎన్ని డెసిబెల్సు చొప్పున పెరుగుతోందో దశాంశ స్థానాలతో సహా ఉందట. తన గొంతు తనకే అనుమానంగా తోచడం మొదలైందని చెల్లెమ్మ తర్వాతెప్పుడో అంది. పొయ్యి దగ్గర కూడా కూనిరాగం తీయడం మానేసింది.

ఇదంతా ఇలా ఉండగా బృందానికి పాతికేళ్లు నిండబోతున్నాయని స్టేషను వాళ్లు ఒక ఆదివారం మధ్యాహ్నం అరగంట ఇచ్చారు. రెండేళ్లుగా చెల్లెమ్మ చోటుని పెద్దావిడ ఖాళీగానే ఉంచింది. ఇక ఉంచలేనని, వచ్చే బుధవారం ఆ చోట్లో రొట్టెలబట్టీ ఆయన చెల్లెల్ని నిలబెడతానని కబురు పెట్టింది. ఆ కబురు అందింది శుక్రవారం. ఆ సాయంత్రం నేను ఊరికే టీకి వెళ్లాను.

వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాం. ఆవిడ చిక్కుళ్లు తుంచుతోంది. ఉన్నట్టుండి, "అదుగో, వస్తున్నారు," అంది. నాకేమీ వినపడలేదు. నిమిషం గడిచాక వీధి మలుపులో ఆయన సైకిలు కిర్రుమంది. నూనె లేని గొలుసు. దాని మీద కూర్చుని తొక్కే పెద్దమనిషికి మాత్రం ఆ చప్పుడు ఇన్నేళ్లలో ఒక్కసారీ వినపడినట్టు లేదు.

"చెల్లెమ్మా, నీకు చెవుడేంటి," అన్నాను.

"నేనూ అదే అనుకుంటున్నాను అన్నయ్యగారూ. ఒక్క మన స్టేషనుకేనా చెవుడు?" అని లేచి రేడియో పెట్టింది. మా స్టేషను ఆఖరి చుక్క దగ్గర గాని పలకలేదు. తర్వాత రేడియో ముల్లు జరిపి నది అవతలి ఊరి స్టేషను పెట్టింది. నాబుని మొదటి చుక్క దగ్గరికి తిప్పింది. అవతలి ఊరి వార్తలాయన మా బల్ల దగ్గర కూర్చున్నట్టు ఖంగున పలికాడు. "ఆరేళ్లుగా వాళ్లది అక్కడే ఉంది. మీ స్నేహితుడికి నాలుగుసార్లు చెప్పాను. వాళ్లు కరెంటు పెంచుకుని ఉంటారన్నారు."

ముల్లాయన సైకిలు గోడకానించి లోపలికొచ్చాడు. ఇప్పుడు ఆవిడ చెప్పిన మాటనే మాట పొల్లుపోకుండా నేను చెప్పాను. ఆయన ఆలోచనలో పడ్డాడు. నాలుగుసార్లు పెళ్లాం చెప్పిన మాట ఐదోసారి ఎవడో దేశదిమ్మరి నోట వినేసరికి శాస్త్రమైపోయింది. చెల్లెమ్మ చిక్కుళ్లు కాస్త గట్టిగా తుంచడం మొదలెట్టింది.

శనివారం ఆయన కన్సోలుని విప్పి పోశాడు. నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. వాల్వులు ఒక్కొక్కటీ పీకి, కొత్తది పెట్టి, ముల్లుని చూసి, మళ్లీ పాతది పెట్టాడు. నాబుల కింద పేరుకున్న మడ్డిని స్పిరిట్టు దూదితో తుడిచాడు. తీగలు కలిసేచోట్ల పాత అతుకులన్నీ కాల్చి మళ్లీ అతికాడు. ఇంకో మీటరు తెచ్చి ఈ మీటరు అబద్ధమాడుతోందేమో చూశాడు. సాయంత్రానికి తేలిందేమిటంటే, కన్సోలు నిక్షేపంలా ఉంది. నూరంటే నూరే.

"కొండ మీద?" అన్నాను.

"వాడూ నూరే అంటున్నాడుగా రోజూ."

"వాడి మీటరుని నువ్వు చూసి ఎన్నాళ్లైంది?"

ఆయన దూది కింద పెట్టాడు. ఆ ప్రశ్న ఆయనకి ఇష్టం కాలేదు. చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "సోమవారం పొద్దున రా," అన్నాడు.

సోమవారం పొద్దున వెళ్లేసరికి కన్సోలు వేడెక్కి ఉంది. ఆయన రోజూలాగే కూత పెట్టాడు. నూరు దగ్గర నిలబెట్టకుండా యాభై దగ్గరే ఆపేశాడు. ఫోను తీశాడు. నన్ను కూడా వినమన్నట్టు రిసీవరు చెవికి కాస్త ఎడంగా పట్టుకున్నాడు.

"ఎంత?"

"నూరు బావా."

ఫోను పెట్టలేదు. ఒక్క క్షణం ఆగి, ఎడం చేత్తో కొండకి కూత మోసుకుపోయే తీగనే కన్సోలు నుంచి పీకేశాడు. ఇప్పుడు అవతల ముల్లు ఎడమ గోడకి కరుచుకుని పడుండాలి.

"ఇంకోసారి చూడు. ఇప్పుడెంత?"

అవతల నుంచి నీళ్లు పోస్తున్న చప్పుడు. ఆగి, మళ్లీ పోస్తున్న చప్పుడు.

"నూరే బావా. ఇవాళ కాస్త జోరుగానే ఉంది. నూటొకటి అనుకో."

ముల్లాయన రిసీవరుని మెల్లగా కింద పెట్టి, తీగని మళ్లీ తగిలించాడు. నాకు నవ్వాగలేదు, కాని ఆయన మొహం చూసి మింగేశాను. ఆయన పుస్తకం తెరిచాడు. వెనక్కి తిప్పుతూ పోయాడు. నూరు, నూరు, నూరు. అందమైన చేతిరాత. పేజీ పేజీకీ నూర్లు. తర్వాత ఆ రోజు తేదీ వేసి, అంకె వెయ్యాల్సిన చోట ఏమీ రాయకుండా మూసేశాడు. ముప్పై నాలుగేళ్లలో ఆ గడి ఖాళీగా ఉండడం అదే మొదలు.

పదింటి నుంచి పన్నెండు దాకా స్టేషనుకి విరామం. ఆ వ్యవధిలో కొండకి వెళ్లొద్దామని, పనిముట్ల సంచి తీసుకోవడానికి ఇంటికి వెళ్లాం. జరిగింది ఆయన చెప్పలేదు, నేను చెప్పాను. చెల్లెమ్మ మొత్తం విని, వంటింటి రేడియోని తువ్వాల్లో చుట్టి చంకన పెట్టుకుంది. చేతిసంచిలో చెవి యంత్రం డబ్బా వేసుకుంది. "మా తమ్ముడి మొహాన కొట్టాలి," అంది. ఎవరూ వద్దనలేదు.

స్టేషను వ్యాను వెళ్లి ఆగేసరికి బావమరిది వరండాలో ఉన్నాడు. మధ్యలో ఎత్తుపీట, పీట మీద ఫోను, చుట్టూ టమాటా కుండీలు. ఫోను నుంచి పొడుగాటి తీగ ఒకటి వరండా దాటి, కిటికీలోంచి, మీటరున్న హాల్లోకి పోయింది. నలభై బారలుంటుంది. మమ్మల్ని చూసి నీళ్ల డబ్బా పట్టుకునే లేచాడు.

"అక్కా, నువ్వెందుకు ఇంత ఎండలో."

ముల్లాయన మెట్టు మీదే ఆగాడు. "ఇవాళ పొద్దున నేను రెండోసారి కూత పంపలేదురా. తీగ పీకేసి అడిగాను."

బావమరిది కాసేపు టమాటాల వంక చూశాడు. "మరి నూటొకటి అన్నానే."

"అన్నావు."

"అసలు పంపలేదా."

"పంపలేదు. ఆరేళ్లుగా నువ్వు చూడకుండానే చెబుతున్నావా?"

ఇక్కడ ఇంకెవరైనా అయితే కాళ్ల మీద పడేవాడు, లేదా ఎదురు తిరిగేవాడు. ఇతను నొచ్చుకున్నాడు. "చూడ్డానికేముంది బావా? నువ్వు ఏనాడైనా నూరు కానిది పంపావా? ఇరవై ఏళ్లలో ఒక్కరోజు? మొదట్లో నేనూ లేచి వెళ్లి చూసేవాణ్ణి. ఎప్పుడు చూసినా నూరే. నీ మీద నమ్మకం కుదిరాకే కదా లేవడం మానేశాను. పైగా ఈ తీగ వేసింది నువ్వే. మోకాళ్లు నొప్పంటే, కూర్చునే చెప్పరా అని వరండా దాకా ఫోను లాక్కొచ్చిందీ నువ్వే."

ముల్లాయన తీగ వంక చూశాడు. ఆయన చేత్తో కొట్టిన మేకులే, ఆయన పద్ధతిలోనే, జానెడుకొకటి.

చెల్లెమ్మ రేడియోని పీట మీద పెట్టింది. "వీడు మిమ్మల్ని నమ్మాడు. మీరు వీణ్ణి నమ్మారు. మధ్యలో నన్ను డాక్టరు దగ్గరికి పంపారు," అంది.

గొంతు పెంచలేదు. తమ్ముడికి అప్పటిదాకా డాక్టరు సంగతి తెలియదు, బృందం సంగతీ తెలియదు. తెలిశాక డబ్బా కింద పెట్టేసి, మోకాళ్లు పట్టుకుంటూ హాల్లోకి నడిచాడు. మేమూ వెనకే వెళ్లాం.

హాలంతా ట్రాన్స్‌మిటరు వేడి, దాని రొద. మీటరు లోపలి దీపం ఎప్పుడు మాడిపోయిందో ఎవరికీ తెలియదు. అద్దం మీద సాలీడు కాపరం పెట్టింది. స్టేషన్లో డ్యూటీలో ఉన్న మనిషికి ఫోను చేసి కూత పంపమన్నారు. టార్చి వేసి చూస్తే ముల్లు ముప్పై ఐదు దగ్గర, దీర్ఘరోగిలాగ, కొద్దిగా వణుకుతూ ఉంది.

ఇక ఆ తర్వాత గంటంపావు ముల్లాయన్ని చూడాలి. కోపం, సిగ్గు అన్నీ పక్కన పెట్టేశాడు. ఊళ్లోంచి వచ్చే కూత అంతదూరం నడిచి నీరసపడుతుంది కదా, దానికి బలం పోసే పెట్టె ఒకటుంది. మూత తీశాడు. పెన్సిలు వెనకనున్న రబ్బరుతో వాల్వుల్ని ఒక్కొక్కటిగా తట్టాడు. ఒకటి లోపల వెలుగు మందగించి, వయసైపోయిన మిణుగురులా ఉంది. దాన్ని మార్చాడు. ముల్లు అరవై దాకా లేచి కూర్చుంది. అక్కణ్ణించి కదలదు. తీగలు కదిపాడు, అతుకులు గీకాడు. ఊహూఁ. చివరికి కరెంటుని కూడబెట్టి వదిలే చిటికెనవేలంత కెపాసిటరు ఒకటి దొరికింది. లోపలి తడి ఏళ్లుగా ఆరిపోతూ వచ్చి ఎండిన చిక్కుడుకాయలా గలగలమంటోంది. ఏడాదికో చుక్క చొప్పున గొంతు తగ్గుతూ వచ్చింది దీనివల్లే. దాన్ని కోసి, సంచిలోంచి కొత్తది తీసి అతికాడు. ముల్లు దూకింది. నూరు దాటి పోబోతుంటే నాబు తిప్పి పట్టుకున్నాడు.

"నూరు," అన్నాడు, నేల మీద గొంతుక్కూర్చుని, టార్చి పట్టుకుని.

"పాట వెయ్యమనండి," అంది వరండాలోంచి చెల్లెమ్మ. రేడియో నాబు మొదటి చుక్క దగ్గరుంది.

"లెవెలు పెట్టేది కూతతో. పాటతో కాదు."

"మీకు కూత. నాకు పాట."

డ్యూటీ మనిషి ఏదో పాత రికార్డు వేశాడు. చెల్లెమ్మ కళ్లు మూసుకుని, తల కాస్త పక్కకి వంచి వింది. "కాస్త ఎక్కువైంది," అంది.

"నూరే," అన్నాడు ఆయన.

"ఎక్కువైందండీ."

ఆయన విసుగ్గా మళ్లీ కూత వేయించి లేచి నిలబడి చూశాడు. నిటారుగా ఎదురుగా నిలబడి చూస్తే ముల్లు నూట పది మీద ఉంది. కింద కూర్చుని ఓరగా చూడడంతో అంకె జారినట్టు కనిపించిందంతే. మీటరు చదివే విద్యలో మొదటి పాఠం అది. ఆయన ఎందరికో నేర్పాడు. నాబు వెనక్కి తిప్పాడు.

"ఆఁ. ఇప్పుడు ఆరేళ్ల కిందటిలా ఉంది," అంది ఆవిడ.

పన్నెండైంది. విరామంలో కట్టేసి ఉన్న రేడియోలు ఊళ్లో మళ్లీ తెరుచుకునే వేళ, వార్తలు మొదలయ్యాయి. మేమెవరం ఆలోచించని విషయం ఒకటుంది. ఆరేళ్లుగా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ, ప్రతి దుకాణంలోనూ రేడియోల నాబులు చివరంటా తిప్పి ఉన్నాయి.

చెల్లెమ్మే ముందు తలెత్తింది. "వినిపిస్తోందా?"

నేనూ విన్నాను. కొండ కింద ఏడు కిలోమీటర్ల అవతల నుంచి, ఇళ్ల కప్పులన్నీ కలిసి ఒకే గొంతుతో వాతావరణం గురించి చెబుతున్నట్టు, సన్నగా, గాలితో పాటు వచ్చి పోతూ. బావమరిది పిట్టగోడ దగ్గరికి వెళ్లి నోరు తెరిచాడు.

"ఏంటి?" అన్నాడు ముల్లాయన.

"ఊరు బావా. ఊరు మొత్తం."

ముల్లాయన చెవి వెనక చెయ్యి పెట్టాడు. కొండ అంచు దాకా నడిచాడు. తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ముప్పై నాలుగేళ్లు చెవులకి హెడ్‌ఫోన్లు బిగించుకుని కూతలు విన్న మనిషి. మేం ముగ్గురం వింటున్నాం, ఆయన నిలబడి ఉన్నాడు. కాసేపటికి చెల్లెమ్మ చేతిసంచిలోంచి ఆ డబ్బా తీసింది. తమ్ముడి మొహాన కొట్టాలని తెచ్చింది కదా. మొగుడి చేతిలో పెట్టింది. మాట మాత్రం అనలేదు. ఏమీ అనకపోవడం ఆవిడకి అంత బాగా చేతనవునని నాకు అప్పటిదాకా తెలియదు.

ఊళ్లో ఏం జరిగిందో మేం దిగొచ్చాక తెలిసింది. మంగలి షాపులో ఒక గుమాస్తా మీసం ఒక పక్కే మిగిలింది. బ్యాంకులో మేనేజరు బల్ల కింద దూరాడని అంటారు, ఆయన పెన్ను కోసమంటాడు. ఉత్తరాలు రాసి జవాబుగా బ్యాటరీలు మార్చిన వాళ్లంతా ఆ బ్యాటరీలు పట్టుకుని స్టేషను ముందు గుమిగూడారు. శ్రోతల సేవలో నాణ్యత పెంచడమైనదని డైరెక్టరు గేటుకి నోటీసు అంటించాడు. ఆఫీసులకి ఆ విద్య పుట్టుకతో వస్తుంది.

హెడ్‌మిస్ట్రెస్సమ్మ ఇంట్లో అలమర మీదున్న రేడియో అదురుకి జారి కిందపడింది. ఆవిడ ఆ సాయంత్రమే దాన్ని ఒళ్లో పసిబిడ్డలా పెట్టుకుని ముల్లాయన ఇంటికొచ్చింది. ఆయన అప్పటికే ఒక నివేదిక తయారుచేసి ఉంచాడు. రెండు పేజీలు, దశాంశాలతో. కళ్లజోడు పెట్టుకుని చదవబోతుంటే చెల్లెమ్మ కాగితం లాగేసుకుంది.

"నోటితో చెప్పండి."

ముల్లాయన గొంతు సవరించుకున్నాడు. "దీని చెవులకి ఏమీ కాలేదండి. నేను పొరపాటు పడ్డాను. మీకు రాసిన ఉత్తరం తప్పు." ముల్లు ఎక్కడుండేదో గాని, యాభై దాటి ఉండదు.

"వినపడలేదు," అంది హెడ్‌మిస్ట్రెస్సమ్మ.

ఆయన మళ్లీ చెప్పాడు, ఈసారి గట్టిగా. ఆవిడ చెల్లెమ్మ వంక తిరిగింది. "చెవులు బాగుంటే చాలదు. రెండేళ్లు నోరు మూసుకుని కూర్చున్నావు. బుధవారం రా, విని చెబుతాను."

బుధవారం చెల్లెమ్మ పాడింది. నేను మెట్ల మీద కూర్చుని విన్నాను. అబద్ధం ఎందుకు, మొదటి చరణంలో గొంతు బొంగురుపోయింది, రెండోదాంట్లో ఊపిరి చాలలేదు. మూడోసారి పాడించారు. నాలుగోసారీ. చివరికి హెడ్‌మిస్ట్రెస్సమ్మ రెండో వరసలోనే చోటిచ్చింది. మధ్యలో కాదు, చివర్న. మధ్యలో రొట్టెలబట్టీ ఆయన చెల్లెలే నిలబడింది. చెల్లెమ్మ ఇంటికెళుతూ వీధి పొడుగునా కూనిరాగం తీస్తూనే ఉంది, చివరైతేనేం అన్నట్టు.

ఆదివారం నేను కింది గదిలో ముల్లాయన పక్కనే ఉన్నాను. చెవిలో యంత్రం ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడకూడదని ఆయన మొహం మీదే రాసి ఉంది. బృందం అద్దం అవతల నిలబడింది. ఆయన కూత పెట్టి ఫోను చేశాడు. వరండా తీగని ఆయనే స్వయంగా పీకేసి ఫోనుని మళ్లీ మీటరు కింద బిగించి వచ్చాడు గనక, అవతల మోకాళ్లు నడిచి వచ్చేదాకా గంట చాలాసేపు మోగింది.

"ఎంత?"

అవతల టార్చి నొక్కిన చప్పుడు.

"తొంభై ఆరు బావా."

ముల్లాయన పుస్తకంలో తొంభై ఆరు అని రాశాడు. ఆ అంకెని కాసేపు అలాగే చూసి, నాబు కొంచెం పెంచి, ప్రసారం మొదలైందని చెప్పే ఎర్రదీపం వెలిగించాడు.

ముందు వరస మొదలెట్టింది. ముల్లు తొంభై దగ్గర బుద్ధిగా ఆడుతోంది. ఆయన వేళ్లు నాబు మీదున్నాయి. రెండో వరస అందుకుంది, చివర్న ఉన్న మనిషి అందరికంటే ముందు అందుకుంది. ముల్లు నూరు దాటింది. నూట పది. ఎర్రగీతలోకి దూకి అక్కడే నిలబడింది. నూట పదిహేను. దించాలి. పాతికమందికి అదే నేర్పిన మనిషి, కలలో కూడా దించేసే మనిషి. ఆయన వేళ్లు కదల్లేదు. పాట అయ్యేదాకా కదల్లేదు.

తర్వాత బయటికొచ్చాక అడిగాను, ముల్లు అంతసేపు ఎర్రలో ఉంటే ఊరుకున్నావేంటని.

ఆయన చెవిలోంచి యంత్రం తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"మీటరు తప్పు," అన్నాడు.